కుజసందేశం: డాబాసంజీవనీ వ్యాఖ్యాసహితం

మూలం: అందరూ ఈ రాత్రి పన్నెండున్నరకి డాబా ఎక్కండి!! అంగారకుడు పున్నమి చంద్రుడంత పెద్దగా కనిపిస్తాడు!! ఆకాశంలో ఇద్దరు చంద్రులు!! మళ్ళీ 2287లోనే!! పిల్లలకి తప్పక చూపించండి. మీ వాళ్ళందరికీ పంపండి.

అవతారిక: ఏటా ఆగస్టులో, సరిగ్గా శ్రావణమేఘాలు కమ్ముకున్న వేళ చూసి కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో అవతరించే లఘుకావ్యమిది. యతులు పడవలసిన చోటల్లా ఆశ్చర్యార్థకాలు జంటలుగా పడ్డాయి. కాళిదాసు సందేశాన్ని మేఘం మోసింది. ఈ సందేశానికి మేఘమే అడ్డం. మేఘసందేశానికి సంజీవని రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొలిచెలమ వాడు. మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనన్నది ఆయన పట్టుదల. ఆ బాటలోనే నడుద్దామని కూర్చున్న ఈ వ్యాఖ్యాతకు మొదట్లోనే చిక్కు వచ్చిపడింది. మూలంలో ఉండవలసిందే మూలంలో లేదు. ఆ సంగతి దాని చోట చెబుతాం.

ప్రతిపదార్థం: అందరూ = గ్రూపులో ఇంకా నిద్రపోనివారు; ఈ రాత్రి = సందేశం ఏ రాత్రి చేతికందితే ఆ రాత్రి (తొలి ప్రతుల్లో తేదీ ఉండేది, చేతులు మారగా రాలిపోయింది); డాబా = నీళ్ళ ట్యాంకు, తీయడం మరిచిన వడియాల చీర, డిష్ గొడుగు గల ప్రదేశం, అపార్టుమెంటు వాసుల విషయంలో వాచ్‌మన్‌ని లేపి తాళం తీయిస్తే గాని చేరలేనిది; ఎక్కండి = మోకాళ్ళ నొప్పులున్నవారు మినహా.

అంగారకుడు: కుజుడు, భౌముడు, మంగళుడు అని పర్యాయపదాలు. జాతకంలో ఈయన ఏడో ఇంట్లోనో ఎనిమిదో ఇంట్లోనో ఉన్నాడని తెలియగానే కాఫీ కూడా తాగకుండా లేచిపోయిన పెళ్ళివారే, ఈయన దర్శనానికి అర్ధరాత్రి పిట్టగోడ పట్టుకు నిలబడడం విచిత్రం.

పున్నమి చంద్రుడంత: కావ్యానికి ఆయువుపట్టు ఇదే గనుక ఇక్కడ తొందర కూడదు. డిగ్రీలో అరవయ్యోవంతు కళ, కళలో అరవయ్యోవంతు వికళ. ఆకాశంలో చంద్రబింబం అడ్డుకొలత సుమారు 31 కళలు. కుజుడు ఎంత దగ్గరకొచ్చినా 25 వికళలు దాటి కాస్తంతే. మామూలు మనిషి కన్ను ఒక కళకు తక్కువైన దాన్ని బింబంగా పోల్చుకోలేదు, చుక్కగానే చూస్తుంది. కుజుడు అందులో సగమైనా లేడు. మరి చంద్రుడంత ఎలా అవుతాడు?

శంక: కవి అన్నాక కొంత పెంచి చెబుతాడు, ఇది అతిశయోక్తి అలంకారం కావచ్చు గదా?

సమాధానం: కాదు. ఇది లుప్తోపమ. ఉపమేయం కుజుడు, ఉపమానం చంద్రుడు, సమానధర్మం పెద్దరికం, ఉపమావాచకం ‘అంత’. నాలుగూ ఉన్నాయి, పూర్ణోపమే అనిపిస్తుంది. ఆలంకారికుల లెక్కకు అందని అయిదో అంగం ఒకటి లోపించింది. అది టెలిస్కోపు.

పాఠచరిత్ర చూడాలి. 2003 ఆగస్టు 27న కుజుడు భూమికి 5 కోట్ల 57 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. దాదాపు 60,000 ఏళ్ళలో అంత చేరువకు రాలేదు. ఆ ఏడు ఈమెయిళ్ళలో తిరిగిన ఇంగ్లీషు మూలంలో, 75 రెట్లు పెంచి చూపే టెలిస్కోపులో చూస్తే కుజుడు, మామూలు కంటికి పున్నమి చంద్రుడు కనిపించినంత ఉంటాడని ఉంది. లెక్క వేసి చూడండి: 25ని 75తో హెచ్చిస్తే 1,875 వికళలు, అంటే 31 కళల పైచిలుకు. కొలిచినట్టు సరిపోయింది. ఆ మొదటి లేఖకుడు లెక్క తెలిసినవాడే. వాక్యం మాత్రం పంక్తి మధ్యలో విరిగింది. చదివినవాళ్ళు పైపంక్తిలోని టెలిస్కోపును పైనే వదిలి, కింది పంక్తిలోని చంద్రుణ్ణి పట్టుకున్నారు. తరువాత పంపినవారు పైపంక్తిని అనవసరమని కత్తిరించారు. తాళపత్రాల కాలంలో ఇలాంటి ఘనకార్యానికి రెండు మూడు వందల ఏళ్ళూ, కొన్ని చెదపురుగులూ కావలసివచ్చేవి.

శంక: ఒకవేళ నిజంగానే చంద్రుడంత కనిపిస్తే?

సమాధానం: కుజుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి ఇంచుమించు రెట్టింపు. కనుక చంద్రుడి దూరానికి రెట్టింపులో, ఏడున్నర లక్షల కిలోమీటర్ల దగ్గర నిలబడాలి. బరువైనవాడు కావడంతో సముద్రాన్ని చంద్రుడికన్నా కొంచెం గట్టిగానే లాగుతాడు. అప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో ఉన్నవారు డాబా ఎక్కడానికి వాట్సాప్ చెప్పనక్కర్లేదు.

ఇద్దరు చంద్రులు: వ్యాఖ్యాతకు ఎంతో ఇష్టమైన చోటు ఇది. 2003 ఆగస్టు 27 ఏ తిథో పంచాంగం తిప్పి చూడండి. శ్రావణ బహుళ అమావాస్య, మన పోలాల అమావాస్య! ఇద్దరు చంద్రులని చాటిన రాత్రి ఆకాశంలో ఒక్క చంద్రుడూ లేడు. శుక్రుడూ గురుడూ కూడా సూర్యుడి చాటున ఉండడంతో ఆ రాత్రి ఆకాశంలో కుజుణ్ణి మించి వెలిగిన చుక్క లేదు. కుంభరాశిలో ఒంటరిగా, ఎర్రగా, కదలని నిప్పుకణంలా నిలిచాడు. నా మట్టుకు నాకు ఇద్దరు చంద్రుల కన్నా ఇదే గొప్ప దృశ్యం. దీన్ని గురించి మాత్రం ఎవరూ ఎవరికీ సందేశం పంపలేదు.

పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశం 2018 జూలై 27 రాత్రి వచ్చింది. సంపూర్ణ చంద్రగ్రహణం, గంటా నలభైమూడు నిమిషాల పూర్ణగ్రాసం, ఈ శతాబ్దికల్లా దీర్ఘమైనది. ఎర్రబారిన చంద్రుడు, దాపునే ఎర్రని కుజుడు. ఎవరు ఎంతో తలెత్తితే తెలిసిపోయేది. మనవాళ్ళు గ్రహణమని తలుపులు వేసుకుని, లోపల కూర్చుని, ఫోన్లో కుజుడు చంద్రుడంత ఉన్న బొమ్మ చూసుకున్నారు.

మళ్ళీ 2287లోనే: ఇది అక్షరాలా నిజం. 2287 ఆగస్టు 28న 2003 కన్నా మరికాస్త దగ్గరకొస్తాడు. రెండుసార్లూ ఆగస్టు చివరే ఎందుకంటే, కుజుడి కక్ష్య భూమి కక్ష్య కన్నా కాస్త ఎక్కువ సాగిన దీర్ఘవృత్తం. అందులో సూర్యుడికి అతి చేరువైన కొస ఉన్న వైపుకు భూమి ఏటా ఆ రోజుల్లోనే వస్తుంది. అక్కడికి భూమి తప్పకుండా వస్తుంది. కుజుడు రావాలని లేదు. 2019 ఆగస్టు 27న సందేశం యథావిధిగా తిరిగే వేళకు కుజుడు సూర్యుడి వెనక అస్తంగతుడై ఉన్నాడు. ఆ అర్ధరాత్రి ఆయన మన పాదాల కింద, భూమికి అవతలి వైపున ఉన్నాడు. డాబా బదులు బావిలోకి తొంగిచూసినవారికే దర్శనభాగ్యానికి కాస్త ఆస్కారం. ఓపిక ఉన్నవారు 2035 సెప్టెంబరు దాకా ఆగితే, దాదాపు 2003 నాటి కొలతతోనే మళ్ళీ వస్తాడు.

పిల్లలకి తప్పక చూపించండి: లోకవ్యవహారం ఇలా ఉంటుంది.

“బాబాయ్, అదేనా కుజుడు?”

“అదేరా. చూడు, ఎంత ఎర్రగా ఉన్నాడో!”

“కదులుతున్నాడు బాబాయ్.”

“గ్రహం కదా, కదలదూ మరి!”

కదిలినది శంషాబాద్‌లో దిగే విమానం.

మీ వాళ్ళందరికీ పంపండి: ఫలశ్రుతి. చూసి పంపమని మూలంలో ఎక్కడా లేదు గనుక చూడకుండానే పంపవచ్చునని సంప్రదాయజ్ఞుల మతం. ఈ వ్యాఖ్యాత పాఠశోధన చేసి, తేదీ వేసి, లోపించిన టెలిస్కోపును స్వస్థానంలో నిలిపి, పరిష్కృత ప్రతిని మా గ్రూపులో ఉంచాడు. పెద్ద మేనమామగారు బొటనవేలెత్తి మెచ్చుకున్నారు. “బాగా రాశావురా, మా కాలనీ గ్రూపులో కూడా పెట్టాను” అన్నారు. మరీ పొడుగ్గా ఉందని, నడుమ ఉన్న ఆ టెలిస్కోపు వాక్యం ఒక్కటీ తీసేశారట.