విషానికో జీవో

మన దగ్గర జీవో రానిదే బోరుబావికి మూత కూడా పడదు. పాముకాటు మాత్రం ఇన్నాళ్లూ ఏ జీవో లేకుండానే జరిగిపోతూ వచ్చింది. ఆ లోటూ తీరిపోయింది. జీవో నంబరు 0090729. అంశం: టాక్సిన్ యాక్టివిటీ, అంటే విషపు పని.

నవ్వులాటకు అనడం లేదు. జీన్ ఆంటాలజీ అని జీవశాస్త్రంలో ఒక మహా పద్దు ఉంది. పండ్ల ఈగ మీద పనిచేసేవాళ్లు, ఎలుక మీద పనిచేసేవాళ్లు, ఈస్టు మీద పనిచేసేవాళ్లు ఒకే ప్రొటీను పనిని ఎవరి యాసలో వాళ్లు రాసుకుంటుంటే కంప్యూటరుకు బుర్ర తిరిగిపోతోందని 1998లో కూడబలుక్కుని మొదలుపెట్టారు. దాని ఇంగ్లీషు పొడి అక్షరాలు జీ, ఓ. ఇక తెలుగువాడికి వేరే వివరణ ఎందుకు?

ఈ సచివాలయంలో శాఖలు మూడు. అణువు చేతి పని ఒకటి, ఆ పని ఏ పెద్ద కార్యంలో భాగమో చెప్పేది రెండోది, కణంలో ఏ మూల జరుగుతుందో చెప్పేది మూడోది. మొదటి శాఖ నియమం చాలా నిక్కచ్చి. కత్తి కోస్తుంది అని రాయాలి, అంతే. ఆ వెదురు పెళ్లిపందిరికి కోసిందా, పాడెకు కోసిందా అన్న ఆరా రెండో శాఖది. ఇంత మడికట్టుకున్న మొదటి శాఖలోనే మన 0090729 కుర్చీ వేసుకుని కూర్చుంది.

దాని నిర్వచనం సారం ఇది: మరో జీవిలోని అణువులను పట్టుకుని ఆ జీవికి చేటు మొదలుపెట్టడం. అదీ కాకతాళీయంగా జరిగితే చెల్లదు, పరిణామక్రమంలో అందుకే ఎంపికైన పని అయి ఉండాలి. నిందితుడున్నాడు, బాధితుడున్నాడు, గాయముంది, దురుద్దేశం కూడా ఉంది. మా ఊళ్లో దీన్ని ఎఫ్ఐఆర్ అంటారు.

నాగుపాము విషంలో ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైము ఉంటుంది. కణం పొరలోని కొవ్వు అణువుకు రెండో స్థానంలో వేలాడే గొలుసును, ఒక నీటి అణువు ఖర్చుతో, టక్కున తెంపుతుంది. నిన్న మధ్యాహ్నం మీరు కోడిగుడ్డు పులుసు తిన్నారనుకోండి. పచ్చసొనలోని లెసిథిన్‌ను తెంపడానికి మీ క్లోమం పంపిన ఎంజైము ఆ పాము ఎంజైముకు సాక్షాత్తు పెదనాన్న కొడుకు. అదే బంధం, అదే స్థానం, అవే నీళ్లు. ఎంజైముల వంశవృక్షంలో ఇద్దరిదీ ఒకటో గుంపే. తెంపే పనికి పద్దులో ఇద్దరికీ ఒకటే నంబరు. పాము తాలూకు వాడికి మాత్రం పక్కనే 0090729 అని అదనంగా ఒక పచ్చబొట్టు. పని మారలేదు, మారింది కాపురం ఉన్న ఇల్లు. ఇంటి అడ్రసు చూసి వృత్తి రాసే గుమాస్తాలు మండలాఫీసుల్లోనే ఉంటారనుకున్నాను.

బొటులినం అనే విషం సంగతి చూడండి. ‘ఏ’ రకం బొటులినం నరం కొసలో ఉండే స్నాప్-25 అనే ప్రొటీను తోక నుంచి తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్కను కత్తిరిస్తుంది. పాడైన డబ్బా కూర తిన్నవాడికి కత్తిరిస్తే ఊపిరి ఆగుతుంది. కనుబొమల మధ్య ముడత పోవాలని సూది వేయించుకున్నవాడికి కత్తిరిస్తే, వాడు బిల్లు కట్టి దండం పెట్టి వెళ్తాడు. ముడతలకు దీన్ని వాడొచ్చని అమెరికా 2002లో ఒప్పుకుంది. అదే ఏడు మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ బీటీ ప్రొటీను కాయతొలుచు పురుగు పేగుకు చిల్లులు పెడుతుంది. ఫిర్యాదు పురుగుది, హర్షం రైతుది. పద్దు పురుగు పక్షాన సంతకం పెట్టింది.

మన కట్లపాము గోడు వేరే. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు ఇక్కడి పాములకు మనవాళ్లు పిలిచే పేర్లే అడిగి రాసుకున్నాడు. 1796లో అచ్చేసిన పుస్తకంలో రక్తపింజరను ‘కాటుకరేకుల పొడ’ అన్నాడు. పసుపు కట్లున్న పాముకు ‘బంగారు పాము’ అని రాసుకున్నాడు. అందులోంచే కట్లపాముల జాతికి బంగారస్ అన్న లాటిన్ పేరు పుట్టింది. 1963లో తైవాన్‌లో అక్కడి కట్లపాము విషం నుంచి తీసిన ప్రొటీనుకు ఆల్ఫా బంగారోటాక్సిన్ అని పేరు పడింది. తెలుగు బంగారానికి విషం తోక తగిలించిన ఘనత అది. పాపం ఆ ప్రొటీను ఏదీ కోయదు, తెంపదు. కండరం మీద, నరం పంపే ఎసిటైల్‌కోలిన్ కూర్చోవాల్సిన పీట మీద తానే బైఠాయించి లేవనంటుంది. ఆ మొండితనాన్ని కొక్కెంగా వాడుకునే ఆ పీటను వెలికితీశారు. మయస్తీనియా అనే కండరాల జబ్బును పట్టే రక్తపరీక్షలోనూ ఈ విషాన్నే వాడతారు. పట్టుకోవడం దాని పని. చావా, రిపోర్టా అన్నది పట్టించుకున్నవాడి పని.

పరిధి గొడవ మరో ప్రహసనం. ఈ పద్దు జన్యువు నుంచి నేరుగా తయారైన సరుకుకే వర్తిస్తుంది. కాబట్టి గురివింద గింజలోని అబ్రిన్‌కు, ఆముదపు పిండిలో మిగిలే రిసిన్‌కు పచ్చబొట్టు అర్హత ఉంది. రెండూ ప్రొటీన్లే. రైబోజోములోంచి ఒకే ఒక్క అడెనిన్‌ను పెరికి కణం వంటింటిని మూయిస్తాయి. ఉమ్మెత్త, ముష్టి గింజ దరఖాస్తులు మాత్రం గుమ్మం దగ్గరే తిరిగొస్తాయి. వాటి విషాలు ప్రొటీన్లు కావు గనక అర్జీదారులు వేరే ఆఫీసును సంప్రదించవలెను. ఎందరి ఊపిరి తీసినా ముష్టి గింజకు ఇక్కడ ముష్టి కూడా పుట్టదు.

ఈ జీవోకు పూర్వజన్మ కూడా ఉంది. ఇదే పేరుతో పాత నంబరొకటి ఉండేది, దాన్ని రద్దు చేశారు. కొన్నాళ్లకు కొత్త నిర్వచనం, కొత్త నంబరుతో అదే పేరు తిరిగొచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడు పథకాలకు పట్టే గతి ఇదే కాబట్టి మనకు ఆశ్చర్యం లేదు.

అసలీ విషమన్న మాటే వద్దని కత్తి దూసే శుద్ధాచారులూ ఉన్నారు. వాళ్లకూ ఒక వాత పెట్టాలి. పాము విరుగుడు మందు చేసేవాడికి విషపు ప్రొటీన్ల జాబితా కావాలి. ‘బంధం తెంపునది’ అని వెతికితే పాముతో పాటు వాడి సొంత క్లోమం కూడా బయటికొస్తుంది. అయితే ఆ జాబితాకు చోటు రెండో శాఖలో ఉంది. కాటు వల్ల మరో జీవి కండరం దెబ్బతినడం అంటూ బారెడు పేర్లతో గదులు కూడా కట్టి ఉన్నాయి. కానీ అంత దూరం నడిచేదెవరు? మొదటి శాఖలోనే ముద్ర కొట్టేస్తే ఫైలు కదిలిపోతుంది.

ఇంతలో ఆసుపత్రి మంచం మీద ఒకడు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. క్లోమం వాచింది. పేగులో మేల్కోవాల్సిన ఎంజైములు క్లోమంలోనే మేల్కొని, కోడిగుడ్డును వదిలేసి అతన్నే తెంపుతున్నాయి. నాగుపాము కత్తెర కూడా వాటిలో ఉంది. డ్యూటీ డాక్టరు పరుగులు పెడుతున్నాడు. జీవో ప్రకారం కంగారేమీ లేదు. బాధితుడు ‘మరో జీవి’ కాడు గనక అది విషం కిందికి రాదు. రికార్డుల్లో అతనికి ఇంకా తిన్నది అరుగుతోంది.