అరంగుళం

మా అంబాసిడర్ 1991 నాటి పెట్రోలు బండి. ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా నేను మాత్రం నాదాన్ని అమ్మలేదు. లెక్కల మాస్టారికి పాత ఇనుము మీద ఈ మోజేమిటని స్టాఫ్ రూములో నవ్వుతారు. నవ్వనీండి.

దానికున్న రోగం ఒక్కటే. పొద్దుగూకాక లైట్లు వేసుకుని మా వీధి మలుపు తిరిగి యాక్సిలరేటర్ తొక్కానా, నూనె లేని గిలకలా కీచుమనేది. లైట్లు వెలిగితే ఆల్టర్నేటరు మీద భారం పడుతుంది. బెల్టు వదులైతే పుల్లీ మీద జారి అరుస్తుంది. ఆ బెల్టే నీళ్ళ పంపునూ ఫ్యానునూ కూడా తిప్పాలి. దారిలో తెగిందంటే ఇంజను ఉడికిపోతుంది.

ఓ ఆదివారం నేనే పూనుకున్నాను. మా ఇంట్లో నేను ఏ పని చేసినా మిగతావాళ్ళు నిలబడి నేర్చుకోవాలి, అది రూలు. పిల్లవాడి చేతికి టార్చి ఇచ్చాను. మా ఆవిడ పసుపు దంచడం ఆపి వచ్చింది. అమ్మ ముక్కాలిపీట తెచ్చుకుంది.

ముందు బ్యాటరీ ఎర్తు తీగ ఊడదీశాను. ఆల్టర్నేటరు కింది బోల్టులూ, పైన సర్దుబాటు బోల్టూ వదులు చేసి, దాన్ని ఇంజను వైపు నెట్టాను. పాత బెల్టు లోపలి అంచులు అద్దంలా నునుపెక్కిపోయాయి. దాన్ని ఫ్యాను రెక్కల మీదుగా ఒక్కొక్కటే దాటించి తీసి, కొత్తది అదే దారిలో ఎక్కించాను. తర్వాత చెక్కముక్కతో ఆల్టర్నేటరును బయటికి ఎత్తిపట్టి బోల్టు బిగించాను.

"బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి. అంతకంటే బిగిస్తే బేరింగులు పోతాయి, వదిలేస్తే అరుస్తుంది."

"అంగుళం దిగితే, నాన్నగారూ?"

"మళ్ళీ కీచుమంటుంది."

"ఏదీ, నన్నూ నొక్కనీరా" అంది అమ్మ. ఎప్పుడో నూతి గిలకలో నలిగి వంకరపోయింది ఆవిడ బొటనవేలు. నొక్కి, తలూపింది.

సోమవారం సాయంత్రం బండి పిల్లిలా వచ్చి ఆగింది. గుమ్మంలోకి వచ్చేదాకా ఎవరికీ తెలీలేదు. టీవీలో పాటలు. అమ్మ నా పాత కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, "ఇది దోసా? దీనికి వ్యాసార్ధం ఏదీ?" అంటోంది నా గొంతుతో. పిల్లవాడు నేల మీద దొర్లుతున్నాడు. మా ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతోంది. పన్నెండేళ్ళలో ఆ నవ్వు నేను వినలేదు.

నన్ను చూడగానే టీవీ ఆగింది.

ఇన్నేళ్ళూ నేను వచ్చే వేళకి వాడు పుస్తకం ముందు, అమ్మ జపమాలతో, మా ఆవిడ పొయ్యి దగ్గర ఉండేవారు. ఆ ఒక్కరోజే ఏమొచ్చిందో అనుకున్నాను.

గురువారానికి బండి మళ్ళీ కీచుమంది. కొత్త బెల్టు మొదట్లో కాస్త సాగడం మామూలే కనక ఆదివారం బిగించాను. ఇల్లు కూడా దారిలో పడింది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి వాడి చేతిలో పుస్తకం ఉంటోంది. మంగళవారం మళ్ళీ అరిచింది. వేలుతో నొక్కితే సరిగ్గా అంగుళం దిగింది.

బెల్టు ఒకసారి సాగుతుంది, సరే. బోల్టు దానంతటది వదులవ్వదు. నేర్పిన విద్య నా మీదే ప్రయోగించాడు వెధవ! కానీ అడిగితే అబద్ధం చెబుతాడు. లెక్కల మాస్టారికి నిరూపణ కావాలి. ఆ రాత్రి బోల్టు బిగించి, బెల్టు పొడవునా బడి నుంచి తెచ్చిన సుద్దపొడి రాసి పడుకున్నాను.

తెల్లవారకముందే టార్చి పట్టుకుని బానెట్ ఎత్తాను. బెల్టు వదులైంది. తెల్లటి సుద్ద మీద నల్లగా బొటనవేలి ముద్ర పడింది. చిన్నది, నేననుకున్నదే.

దాని పక్కన ఇంకోటుంది, అంచున పసుపుతో.

మూడోది వంకరగా ఉంది.