ల్యాప్‌టాప్ అంచు చూడకుండా

గేమింగ్ ల్యాప్‌టాప్‌కి వీఆర్ హెడ్‌సెట్ కొందామని నేనూ తమ్ముడూ కలిసి డబ్బు దాచుకున్నాం. ఎంచే పని మాత్రం నేనే మీదేసుకున్నాను. ఏ హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి ఎన్ని పిక్సెళ్లో నాకు నోటికొచ్చు. వాల్వ్ ఇండెక్స్ అయితే 1440×1600, 144 హెర్ట్జ్ దాకా వెళ్తుంది. 2020లో వచ్చిన రివర్బ్ జీ2 అయితే 2160×2160. రెండింటికీ డిస్‌ప్లేపోర్ట్ కావాలి. ఆ ముక్క కూడా చదివాను, చదివి వదిలేశాను. అంకెల మోజు అలాంటిది.

“అన్నా, మన దాంట్లో డిస్‌ప్లేపోర్ట్ ఉందా?” అని వాడు ముందే అడిగాడు.

“హెచ్‌డీఎంఐ ఉందిగా, కన్వర్టర్ పెట్టేద్దాం” అని కొట్టిపారేశాను. వీడు నాకు చెప్పేదేమిటన్న అహం.

బజార్లో దొరికే మామూలు కన్వర్టర్ డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మారుస్తుంది. తిరగేసి పెడితే బొమ్మ రాదు. ఇది తెలిసేసరికి సెకండ్ హ్యాండ్ హెడ్‌సెట్ ఇంటికొచ్చేసింది. ఇక మిగిలింది ల్యాప్‌టాప్‌లోని యూఎస్‌బీ-సీ పోర్టు, కొన్నింట్లో అది డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్ కూడా ఇస్తుంది. తమ్ముడు దానికి మానిటర్ తగిలించి, ఎన్వీడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఫిజ్‌ఎక్స్ పేజీ తెరిచాడు. ఏ తెర ఏ చిప్‌కి కలిసి ఉందో అక్కడ బొమ్మ గీసి చూపిస్తుంది. మా మానిటర్ ఎన్వీడియా కింద లేదు, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కింద ఉంది. మేం అంత డబ్బు పోసిన కార్డుకీ ఆ పోర్టుకీ నేరుగా సంబంధమే లేదు. చూడ్డానికి కాసేపు పట్టే పని. కొనకముందు నేనెందుకు చేయలేదో నా దగ్గర జవాబు లేదు. ఆ డబ్బులో సగం వాడిది కావడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నష్టానికి అమ్మేసి, ముందు వాడి వాటా పూర్తిగా ఇచ్చేశాను. ఈసారి ఎంపిక వాడికే వదిలాను. వాడు క్వెస్ట్ 2 అన్నాడు. దానికైతే ల్యాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ కార్డే బొమ్మను కుదించి మామూలు యూఎస్‌బీ కేబుల్ మీదుగా పంపుతుంది, కాబట్టి డిస్‌ప్లేపోర్ట్‌తో పనిలేదు. కుదింపులో కొంత స్పష్టత పోతుంది, పోనీ. కళ్ల మధ్య దూరానికి తగ్గట్టు లెన్సులు జరపడానికి 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే స్థానాలున్నాయి. నేను ఎన్నడూ ఆలోచించని ఆ సంగతి కూడా వాడే చూశాడు, కళ్లద్దాల షాపువాళ్లిచ్చిన మా ఇద్దరి చీటీలూ ముందేసుకుని.