సార్, అదిగో దుప్పి!

హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి జింకల ఫొటోలన్నీ ఏఐ మాయే అని సర్కారువారు తేల్చేశాక, బడిలో పర్యావరణ పాఠం చెప్పడం ఎంత సులువైపోయిందో! పిల్లల్ని ఎండలో తిప్పే పని లేదు. ముఖ్యమంత్రిగారు సెలవిచ్చిన ముక్క కంఠస్థం చేయిస్తే చాలు: సర్కారు చదును చేయబూనిన ఆ 400 ఎకరాల్లో పులుల్లేవు, జింకల్లేవు, ఉన్నవల్లా అభివృద్ధికి అడ్డుపడే గుంటనక్కలు. (గుంటనక్క కూడా చట్టం కాపాడే జంతువేనని సైన్సు మాస్టారు గొణిగారట. ఆయనకు బదిలీ ఖాయం.)

కొత్త సిలబస్‌లో క్లాసు ఇలా నడుస్తుంది.

"సార్, అదిగో దుప్పి!"

"అది ఏఐరా. కూర్చో."

"చెవులాడిస్తోంది సార్."

"మంచి ఏఐ."

"పెంటికలు కూడా వేసింది సార్!"

"కొత్త వెర్షన్ అయ్యుంటుంది. ముట్టుకోకు, కేసవుతుంది."

ప్రాక్టికల్సుకు జేసీబీ మాస్టారు. మహా శ్రద్ధ గల మనిషి. ఉగాది పూటా సెలవు పెట్టలేదు, రాత్రిళ్లు లైట్లు వేసుకుని మరీ పాఠం చెప్పారు. లెక్కల పరీక్షలో ప్రశ్న: పండగ సెలవులయ్యి కోర్టు తలుపులు తెరిచేలోగా ఎన్ని ఎకరాలు చదును చేయవచ్చు? జవాబు: సుమారు వంద.

అంతా బాగానే ఉంది కానీ, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పంపగా హైకోర్టు రిజిస్ట్రారు స్వయంగా తనిఖీకి వచ్చారు. పాపం, సిలబస్ చదువుకుని రాలేదు. నెమళ్లు, జింకలు కనిపించాయని నివేదికలో రాసేశారు. ఆయనకూ నోటీసు ఇస్తారా?

కొన్ని బొమ్మలు యంత్రం గీసినవే, కాదనను. యంత్రం గీసిన జింక మీద కేసులు పెట్టారు సరే, యంత్రం తరిమిన జింక సంగతేమిటి? ఈ ఊళ్లో అసలైన పర్యావరణ పాఠం చెప్పింది ఆ భూమి పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు. పథకం లేదు, పైసా లేదు, రిబ్బను కత్తిరించిన మంత్రి లేడు. ఏళ్ల తరబడి తెల్లారకముందే లేచి, చెరువుగట్లు పట్టుకు తిరిగి, 200కు పైగా పక్షి జాతులను నమోదు చేశారు. యంత్రాలకు అడ్డం నిలబడ్డందుకు వాళ్లను ఈడ్చి వ్యానుల్లో కుక్కారు. ఇద్దరిని రిమాండుకు పంపారు. చదువుకున్న పాఠాన్ని నమ్మడమే వాళ్లు చేసిన నేరమా? తనిఖీ జరిగిన మర్నాడు, శుక్రవారం, క్యాంపస్‌లో ఒక దుప్పిని కుక్కలు కరిచి చంపాయి. ఆ కళేబరం కూడా ఫేకేనని చెప్పండి, వింటాం.