మనిషికి ఎన్ని?

ప్రతి బంధువర్గంలోనూ ఒక లెక్కల బాబాయి ఉంటాడు. పెళ్లి కుదిరిందనగానే శుభలేఖ వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీసి, "మనిషికి ఎన్ని?" అంటాడు. మనిషికి 2 గారెలు, 500 మంది, వెయ్యి గారెలు. మనిషికి 100 గ్రాముల బియ్యం, మొత్తం 50 కిలోలు, అంటే పాతిక కిలోల బస్తాలు రెండు. పందొమ్మిదో ఎక్కం కూడా తడుముకోడు. ఫోన్లో కాలిక్యులేటర్ వెతికేవాణ్ణి జాలిగా చూస్తాడు. భోజనాల వేళకి గారెలు చాలకపోతే మాత్రం అందరూ ఆయన లెక్కనే ఆడిపోసుకుంటారు. అది అన్యాయం. ఆయన గుణకారం ఏనాడూ తప్పదు. తప్పేది అందులోకి ఎక్కించిన మొదటి అంకె. ఆ 'మనిషి' ఎవరు? ఉగ్గు తినే పసివాడూ మనిషే, షుగరున్న తాతగారూ మనిషే, ఎన్ని వేసినా వద్దనని పెళ్లికొడుకు స్నేహితుడూ మనిషే. ముగ్గురికీ తలా రెండు గారెలు రాసేశాక ఎక్కాలేం చేస్తాయి పాపం! ఇల్లు కట్టేటప్పుడూ ఇదే వరస. 12 అడుగులకు 10 అడుగుల గది, 120 చదరపు అడుగులు. రెండడుగుల టైలు ఒక్కోటి 4. సరిగ్గా 30 చాలంటాడు. ఒకటి పగిలితే అదే డిజైను మళ్లీ దొరకదన్న సంగతి ఆ హెచ్చవేతలో ఎక్కడా లేదు.

అయితే గుణకారం మానేసి చేతికొచ్చినంత వండమంటావా అని బాబాయి పక్షం వాళ్లు అడగొచ్చు. అడగాల్సిందే. పావులూరి మల్లన, గణితవేత్త మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి దించి వందల ఏళ్లయింది. మనకి త్రైరాశికం కొత్తేమీ కాదు. కానీ త్రైరాశికం ముందే ఒక షరతు పెడుతుంది: ఇది పెరిగితే అదీ అదే దామాషాలో పెరగాలి. బియ్యం అలా పెరుగుతాయి, ఉడికే సమయం పెరగదు. కిలో బియ్యానికి 20 నిమిషాలు కాబట్టి 50 కిలోలకు వెయ్యి నిమిషాలని బాబాయి కూడా అనడు. కారం దగ్గర మాత్రం అనేస్తాడు, వంటమేస్త్రి తల పట్టుకుంటాడు. ఆ మేస్త్రీ హెచ్చవేసేవాడే. కాకపోతే బంతా బఫేనా, ముహూర్తం పగలా రాత్రా, పిల్లలెందరు అని ముందు అడుగుతాడు. ఇంతకీ బాబాయి లేని పెళ్లి ఇంకా ఘోరం. అక్కడ 'ఎందుకైనా మంచిది' అన్న మాటే కొలత. మర్నాడు సాంబారు గుండిగలతో పారబోయాలి. కాబట్టి మీ ఇంట్లో శుభకార్యముంటే లెక్క బాబాయి చేతే వేయించండి. మనిషికి ఎన్ని అన్నది మాత్రం మేస్త్రిని అడిగి, బాబాయికి చెప్పండి.