పన్ను లేని ఖాతా

2025 జూన్ మధ్యలో వేట నిషేధం ముగిసింది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్లు ఒడ్డునే ఉండిపోతే, మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా ఇళ్లల్లో పొయ్యి వెలిగేది దాచుకున్న రూపాయితోనే. ప్రభుత్వం భృతిని ఆ ఏడే 10 వేల నుంచి 20 వేలకు పెంచింది. మంచిదే. కానీ రెండు నెలల తిండికి, వలల బాగుకు, ఇంజన్ పనికి అది ఏ మూలకు?

మైపాడులో గంప మోసి చేపలమ్మే ఒక పెద్దామె చీటీ పాడుకున్న లక్ష రూపాయలు చీర కొంగులో ముడేసుకుని కొడుకుతో పాటు నెల్లూరు పోస్టాఫీసుకు వచ్చింది. నోట్లకు ఇంకా కానాగంతల వాసన వదల్లేదు.

"పన్ను పడని ఖాతా ఉందంట గదా నాయనా, అందులో వెయ్" అంది.

కౌంటర్లో కుర్రాడు మంచివాడు. ఫారం చేతికివ్వకుండా ముందు కుర్చీ చూపించాడు. "పీపీఎఫ్ గురించేనా పెద్దమ్మా? 1968 నుంచీ ఉంది. 7.1 శాతం వడ్డీ, దానిమీద పన్ను లేదు. కానీ 15 ఏళ్ల ఖాతా. అసలు నువ్వు పన్ను కడతావా?"

"కడితే సర్కారుకే తెలిసుండాలి. నాకు తెలీదు."

"ఈ ఏడు నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే పడదు. నీకు పన్నే లేనప్పుడు పన్ను మినహాయింపుతో ఒరిగేదేముంది? అదే లక్ష ఏడాది టైమ్ డిపాజిట్‌లో వేస్తే 6.9 శాతం. మూణ్ణెల్లకోసారి వడ్డీ మీద వడ్డీ కలుస్తుంది కాబట్టి ఏడాదికి 7,080 వస్తాయి. పీపీఎఫ్‌లో 7,100. తేడా 20 రూపాయలు! ఆ 20 కోసం లక్షకు తాళం వేసుకుంటావా? టైమ్ డిపాజిట్ అయితే ఆరు నెలలు దాటాక, వడ్డీ కాస్త తగ్గినా, ఎప్పుడైనా తీసుకోవచ్చు. వేట లేని రోజుల్లో చేతికి అందుతుంది."

కొడుకు ముఖం వికసించింది. "నేనూ అదే మొత్తుకుంటున్నా సార్. అసలు సేవింగ్స్‌లో వేస్తే ఇంకా సుఖం. నాలుగు శాతమైతేనేం, రేపు కావాలన్నా వస్తుంది. ఇద్దరి పేరు మీద వేయండి."

కుర్రాడి లెక్కలో తప్పు లేదు. సముద్రం మీద బతికే ఇంటికి వడ్డీ కన్నా ముఖ్యం, ఆకలి రోజున డబ్బు చేతికి రావడం. పన్ను కట్టని పేదవాళ్లకు పన్ను మినహాయింపు ఆశ చూపి డబ్బు కట్టిపడేయడం న్యాయం కాదు. ఆ మాట ముఖాన చెప్పేవాళ్లు ప్రతి కౌంటర్లోనూ ఉండాలి.

పెద్దామె అంతా విని అడిగింది: "పీపీఎఫ్‌లో వేస్తే ఎప్పటిదాకా తియ్యలేము?"

"అయిదేళ్లు నిండాక కొంత. మొత్తం కావాలంటే 15 ఏళ్లు. మూడో ఏడు నుంచి నాలుగో వంతు దాకా అప్పిస్తారు, అంతే."

"అప్పులోళ్లు మీదబడితే?"

"అప్పులోళ్లు కోర్టు డిక్రీ తెచ్చినా ఆ డబ్బు జప్తు చేయడానికి కుదరదు."

"కోర్టుకు పోయేవాళ్లతో నాకు భయం లేదు నాయనా. 'అమ్మా' అని పిలిచి తీసుకుపోయేవాళ్లు?"

కుర్రాడికి మాట రాలేదు. కాసేపటికి, "నువ్వు సంతకం పెట్టందే ఎవరికీ రాదు పెద్దమ్మా" అన్నాడు.

"నాకు సంతకం రాదు. వేలిముద్రే. దానికి నన్ను ఇక్కడికి తీసుకురావాల్సిందే గదా? అయితే అందులోనే వెయ్. పోయినసారి చీటీ డబ్బులు రెండు నెలల్లో ఇస్తానన్నాడు. అంతకు ముందుదీ రెండు నెలలే."

కొడుకు గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాడు.

కుర్రాడు తలొంచుకుని ఫారం నింపాడు. చివరి గడి దగ్గర ఆగి, "నామినీ పేరు?" అన్నాడు. కొడుకు గబుక్కున తన పేరు చెప్పాడు.

"కోడలి పేరు రాయి" అంది పెద్దామె. "దాని తాళిగొలుసు కూడా రెండు నెలలకే తీసుకుపోయాడు."