క్యాబిన్

పై దేశాల్లో పర్వతారోహణ క్లబ్బులకు మంచుకొండల మీద సొంత క్యాబిన్లుంటాయి. పగలంతా స్కీయింగ్ చేసి, రాత్రికి పొయ్యి చుట్టూ చేరి కబుర్లాడుకుంటారు. నాచారంలో మంచెక్కడిది? అందుకే ఇక్కడి ట్రెక్కింగ్ బృందం ఒకటి ఐదంతస్తుల అపార్ట్‌మెంటు మీదున్న పెంట్‌హౌస్ అద్దెకు తీసుకుని, దానికే క్యాబిన్ అని పేరు పెట్టుకుంది.

చలికాలం శనివారాలొస్తే అక్కడ సందడే సందడి. ఉప్పల్, హబ్సిగూడ, మల్లాపూర్‌ల నుంచి సభ్యులొస్తారు. కింద రోడ్డు మీద జనం పొట్టిచేతుల చొక్కాల్లో తిరుగుతుంటే, వీళ్ళు పఫర్ జాకెట్లు తొడుక్కుని, ఉక్కకు ఫ్యాన్ వేసుకుని కూర్చుంటారు. మాటలన్నీ కేదార్‌కంఠ గురించే. ఉత్తరాఖండ్‌లో 12,500 అడుగుల శిఖరం అది. సాంక్రి ఊరి నుంచి నడక, రాత్రిళ్ళు గుడారంలో మైనస్ చలి, బూట్ల కింద మైక్రోస్పైక్స్. బ్యాగుల్ని కంచరగాడిదలు మోశాయన్న సంగతి ఎందుకో ఏ ఫొటోలోనూ పడలేదు.

ఈ ఏడాది ఓ ఆవిడ సభ్యత్వం కావాలని వచ్చింది. అరవై దాటాయి, టీచరుగా రిటైరయింది.

ప్రెసిడెంటు నవ్వాడు. "ఆంటీ, ఇది మార్నింగ్ వాక్ కాదు. భువనగిరి గుట్ట తెలుసుగా? మలావత్ పూర్ణ అక్కడే శిక్షణ తీసుకుని, పదమూడేళ్ళకే, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. కొండ దగ్గర షార్ట్‌కట్లుండవు. మీ మోకాళ్ళకు కష్టం."

"పోనీ కబుర్లు వినడానికి రావచ్చా బాబూ?"

"దానికేం, శనివారం రండి. అతిథిగా."

శనివారం సాయంత్రం ఏడయింది. కేటరింగ్ కుర్రాడు బిర్యానీ గిన్నె నెత్తిన పెట్టుకుని పైకి చేర్చి వెళ్ళిపోయాడు. ఆవిడ చాపలు పరిచి, ప్లేట్లు సర్ది, హాజరు పుస్తకంలో సంతకం పెట్టి కూర్చుంది. ఏడున్నరయినా ఒక్కరి జాడా లేదు. పిట్టగోడ మీంచి తొంగి చూస్తే, గేటు దగ్గర జాకెట్లన్నీ గుంపుగా నిలబడి ఉన్నాయి. ఫోన్ చేసింది.

"బాబూ, బిర్యానీ చల్లారిపోతోంది. పైకి రారేం?"

"ఎలా వస్తామాంటీ? మధ్యాహ్నం నుంచి లిఫ్ట్ పనిచేయట్లేదట. వచ్చే నెల మళ్ళీ ట్రెక్కుంది, ఇప్పుడు మోకాళ్ళు పాడుచేసుకుంటే ఎట్లా? మీటింగ్ వాయిదా వేశాం, గ్రూప్‌లో మెసేజ్ కూడా పెట్టాం."

"మరి బిర్యానీ?"

"మీరెలాగూ దిగుతారుగా ఆంటీ, వస్తూ వస్తూ పట్టుకొచ్చేయండి."

ఆ శనివారం హాజరు పుస్తకంలో సంతకం ఒక్కటే ఉంది. అదీ సభ్యులది కాదు.